రేపు పొద్దున నాన్నకు ఏం పని?

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పట్టించుకోకపోతే ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చని, నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పిస్తారని దాని గురించి అందరూ చెప్పుకుంటారు. 19వ సెక్షన్‌ను మాత్రం పెద్దగా ఎవరూ తలవరు. జిల్లాకు ఒకటైనా వృద్ధాశ్రమాన్ని, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా, రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చని చెప్పింది ఆ సెక్షనే. అక్కడ ఏయే సేవలు అందాలో చెబుతూ చట్టం రెండింటిని పేరు పెట్టి రాసింది: వైద్యం, వినోదం. డబ్బు కట్టి చేర్పించే ప్రైవేటు ఆశ్రమాలు కూడా ఆ రెండు మాటల చుట్టూనే తిరుగుతాయి. నర్సు ఉంది, డాక్టరు వారానికోసారి వస్తారు, హాల్లో పెద్ద టీవీ ఉంది, సాయంత్రం భజన. దేశం దాటి వచ్చిన మాలాంటివాళ్లం ఆ జాబితా చూసి తృప్తి పడి డబ్బు పంపిస్తాం. ఆ జాబితాలో మూడో మాట ఒకటి తప్పిపోయిందని నా అభిప్రాయం. అది పని. రేపు తన చేతి మీదుగా ఒకటి జరగాలి, తాను లేవకపోతే అది ఆగిపోతుంది అన్న ఎరుక. ఆ ఎరుకను నిలబెట్టడం ఎవరో ఒకరికి జీతమిచ్చి అప్పగించాల్సిన బాధ్యత. ఆశ్రమానికి వంటమనిషి, నర్సు ఎంత అవసరమో ఆ మనిషీ అంతే అవసరం.

సూర్యాపేట జిల్లాలోని కోదాడ ప్రాంతం సంగతే చూద్దాం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఇవాళ ఎనభై ఏళ్లున్న మనిషికి అప్పుడు ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లు. జొన్న, సజ్జ, ఆముదం పండిన మెట్టను ఎడమ కాలువ కింద వరి మడిగా మార్చిన తరం అది. గట్లు వేసింది వాళ్లు, నీళ్ల వంతు కోసం రాత్రిళ్లు తూము దగ్గర కాపలా పడుకున్నది వాళ్లు. ఆ వడ్ల మీదే మిర్యాలగూడ రైసు మిల్లుల పట్నమైంది. అక్కడ లెక్కలు రాసిన గుమాస్తాలు, బస్తాలు మోసిన హమాలీలు, కాంటా వేసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. ఇక ఆడవాళ్లయితే నాట్లు, కలుపు, పాడి, పొయ్యి, పిల్లలు, వీటి మధ్య ఒక్క రోజు సెలవు ఎరగరు. ఇలాంటి మనుషులకు ఆశ్రమంలో కూడా నాలుగున్నరకే మెలకువ వస్తుంది. కాఫీ వచ్చేది ఏడింటికి. ఆ రెండున్నర గంటలు మంచం మీద కూర్చుని ఏం చేయాలి? పొలం కౌలుకిచ్చాం, గేదెలను అమ్మేశాం, ఇంటికి తాళం వేశాం. వాళ్ల క్షేమం కోసమే చేశాం, అందులో అబద్ధం లేదు. కానీ ఆ మూడింటితో పాటు వాళ్ల రోజును కూడా తీసేసుకున్నాం. దాని స్థానంలో ఏదీ పెట్టలేదు.

బాధ్యత మనిషిని ఎంత నిలబెడుతుందో తేల్చడానికి అమెరికాలోని కనెటికట్‌లో జరిగిన ఒక ప్రయోగం 1976లో ప్రచురితమైంది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నర్సింగ్ హోమ్‌లోని రెండు అంతస్తుల్లో 91 మందిని తీసుకున్నారు. ఒక అంతస్తులో వాళ్లకు ‘మీ రోజు మీ చేతుల్లో ఉంది’ అన్న తీరులో చెప్పి, కుండీలో మొక్క ఇచ్చి, దాన్ని చూసుకోవలసింది మీరేనన్నారు. రెండో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు పోసే పని సిబ్బంది చూసుకుంటారని చెప్పారు. మూడు వారాల తర్వాత మొదటి అంతస్తులో 93 శాతం మంది మెరుగయ్యారని, రెండో అంతస్తులో 71 శాతం మంది ఇంకా నీరసించారని అంచనా వేశారు. ఏడాదిన్నర తర్వాత మరణాల మీద కూడా వాళ్లు ఒక లెక్క వేశారు. అందులో పొరపాటు దొర్లిందని తర్వాత వాళ్లే ప్రకటించారు కనుక దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను. నా వాదనకు మూడు వారాల సంగతి చాలు. రెండు అంతస్తుల్లోనూ మొక్క ఉంది, సంరక్షణ ఉంది. తేడా అంతా రోజు మీద పట్టు, నీళ్లు పోసే చెయ్యి ఎవరివన్న దగ్గరే. 1991లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్ అనే చిన్న ఊరిలో బిల్ థామస్ అనే యువ డాక్టరు ఇంకా పెద్ద సాహసం చేశాడు. తాను పనిచేసే చేజ్ మెమోరియల్ నర్సింగ్ హోమ్‌లోకి రెండు కుక్కలను, నాలుగు పిల్లులను, వంద పిట్టలను తెచ్చాడు. గడ్డి నేలను తోటగా మార్చాడు. ఒంటరితనం, విసుగు, నిస్సహాయత, ఈ మూడూ ఆశ్రమాల అసలు జబ్బులని ఆయన నిర్ధారణ. రెండేళ్లు పరిశీలిస్తే దగ్గర్లోని మరో నర్సింగ్ హోమ్‌తో పోల్చినప్పుడు అక్కడ రాసిన మందులు సగానికి తగ్గాయి, మరణాలు 15 శాతం తగ్గాయి. ఒక్క సంస్థ అనుభవమే గనుక దాన్ని శాసనంగా చెప్పలేం. కానీ గోడ మీది టీవీ వల్ల ఇలాంటి మార్పు వచ్చిందని ఎవరైనా చూపించినట్టు నాకు తెలియదు.

ఇదంతా మాటలతో జరగదు, మనుషులు కావాలి. అమెరికాలో 1987 నాటి సంస్కరణ చట్టం నుంచీ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్ ఒక్కో మనిషి ఇష్టాలను తెలుసుకుని వ్యాపకాలు కల్పించాలి. ఆ విభాగాన్ని అర్హత ఉన్న వ్యక్తే నడపాలి. ఆయాల వంటి సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలి. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. చాలాచోట్ల ఈ వ్యాపకాలు బింగో ఆట దగ్గరే ఆగిపోతాయి. ఒక్కొక్కరికి రోజుకు కనీసం 3.48 గంటల సంరక్షణ అందాలని 2024లో తెచ్చిన నిబంధనను 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది. అయినా ఆ అంకెతో ఒక లెక్క కడదాం. 25 మంది ఉన్న ఆశ్రమానికి రోజుకు 87 గంటలు, అంటే ఎనిమిది గంటల షిఫ్టుల్లో దాదాపు పదకొండు మంది. కోదాడలో చేరేవాళ్లలో సగం మంది తమ పని తాము చేసుకోగలిగినవాళ్లే అనుకున్నా, ఇద్దరు ఆయాలు, ఒక వాచ్‌మన్‌తో ఆశ్రమం నడవదని అర్థమవుతుంది. అంత తక్కువ మందితో నడిపినప్పుడు ఆయా చేయగలిగింది స్నానాలు, బట్టలు, పడకలు. ఒక మనిషితో పని చేయించడం కంటే ఆ పని తానే చేసేయడం ఆమెకు సులువు. వృద్ధుడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ఆమె పెడితే ఒక నిమిషం. ఆ తొమ్మిది నిమిషాలు ఆమె దగ్గర లేకపోవడం వల్లే కొన్నాళ్లకు ఆయనకు గుండీలు పెట్టుకోవడం చేతకాకుండా పోతుంది.

ఈ విషయంలో కోదాడకు, సూర్యాపేటకు హైదరాబాదులో దొరకని ఒక బలం ఉంది. ఈ ఊళ్లలో పనికి వచ్చే ఆడవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, తండాలవాళ్లు. నారుమడి అంటే వాళ్లకు తెలుసు, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర తెలుసు, మట్టపల్లి నరసింహస్వామి తెలుసు, జానపహాడ్ దర్గా ఉర్సు తెలుసు. ఆయాకూ అవ్వకూ ఒకటే యాస. నేను గట్టిగా నమ్మేది ఇది: మనిషికి పని అప్పగించాలంటే ముందు ఆ మనిషి ఎవరో తెలియాలి. ఆకుకూరల మడి ఎవరికివ్వాలి, వత్తులు చేయడం, పూలు గుచ్చడం ఎవరికి ఇష్టం, సరుకుల లెక్క పుస్తకం ఏ పాత గుమాస్తా రాస్తాడు, పొద్దున పేపరు గట్టిగా చదివి వినిపించేది ఏ రిటైర్డ్ పంతులుగారు, ఇవి ఊరి మనిషికే తొందరగా తడతాయి. జ్ఞాపకాలు రాసిపెట్టడం కూడా అలాంటి పనే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 2022లో కన్నుమూశారు. ఆమె జీవితం పుస్తకంగా మిగిలింది. సాయుధ పోరాటం ఆగిన 1951లో పదేళ్లున్న పిల్లలు ఇప్పుడు ఎనభై అయిదుకు అటూ ఇటూ ఉన్నారు. వాళ్లు చూసింది వినడానికి పక్క బడి పిల్లలు వారానికొక గంట వచ్చినా, ఆ ముసలివాళ్లకు ఆ వారమంతా సిద్ధపడవలసిన పని ఉంటుంది. అయితే ఆయాలు నిలకడగా ఉంటేనే ఇవన్నీ సాగుతాయి. మూడు నెలలకొకరు మారితే ఎవరి ఇష్టం ఎవరికీ గుర్తుండదు. వాళ్లు నిలవాలంటే జీతం ఒక్కటే చాలదు, మర్యాద కూడా ఉండాలి. ఆయాను కులం పేరుతోనో ‘ఏమే, ఒసే’ అనో పిలిచే ఇంటి అలవాటు ఆశ్రమం గడప దాటి లోపలికి రాకూడదు. ఆ మాట చేరేటప్పుడే మన పెద్దవాళ్లకు చెప్పవలసింది మనమే.

జీవితమంతా చాకిరీ చేశారు, ఇప్పుడైనా కూర్చోబెట్టి పెట్టకూడదా అని అడిగేవాళ్లున్నారు. ప్రేమతో అడిగే ప్రశ్నే. కానీ విశ్రాంతి పని చేసిన ఒంటికి రుచి, పని లేని ఒంటికి శిక్ష. ఇక్కడ ఇంకో భయం కూడా ఉంది, అది న్యాయమైనదే. పని పేరుతో యాజమాన్యం వృద్ధుల చేత ఊరికే చాకిరీ చేయించుకోవచ్చు. అందుకే హద్దు స్పష్టంగా ఉండాలి: పని ఎంచుకునేది వాళ్లు, వద్దనే హక్కు ఏ రోజైనా వాళ్లదే, ఆ పని వల్ల ఒక్క ఉద్యోగి కూడా తగ్గకూడదు. అవ్వ పప్పులో రాళ్లు ఏరితే వంటమనిషిని మానిపించకూడదు.

పడిపోతే ఎవరు బాధ్యులన్నది యాజమాన్యాల భయం. నిజానికి అంతకన్నా ఎక్కువగా అది మా భయం. సముద్రాల అవతల ఉన్నవాళ్లకు తుంటి ఎముక విరిగిందన్న ఫోను కంటే పీడకల లేదు. అందుకే మేమే ‘బయటికి పంపకండి, ఏమీ ముట్టుకోనివ్వకండి’ అని చెబుతాం. కానీ సొంత ఇళ్లలో ఉండే వృద్ధుల మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్షలో, వ్యాయామం చేసినవాళ్లు పడిపోవడం 23 శాతం తగ్గిందని తేలింది. ఆశ్రమాల్లో అంతే తగ్గుతుందని దాన్ని బట్టి చెప్పలేం. అయినా మంచానికి కట్టిపడేసిన కాళ్లు బలహీనమవుతాయని, బలహీనమైన కాళ్లే బాత్‌రూముకు వెళ్లే దారిలో తడబడతాయని గ్రహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మతిమరుపు ముదిరినవాళ్లతో ఏం చేయిస్తారన్నది ఇంకో ప్రశ్న. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వయసుతో పాటు ఇది పెరుగుతుంది కాబట్టి ఆశ్రమాల్లో ఆ పాలు ఇంకా ఎక్కువ ఉండవచ్చు. నెదర్లాండ్స్‌లో 2009లో ప్రారంభమైన హోగెవేక్ అనే ఊరిలాంటి ఆవాసం అచ్చంగా అలాంటివాళ్ల కోసమే కట్టినది. ఆరేడుగురు ఒక ఇంట్లో ఉంటారు, సిబ్బందితో కలిసి వంటలో చెయ్యి వేస్తారు, అంగడికి వెళతారు. పేర్లు మరిచిపోయిన చేతులకు కూడా చిక్కుడుకాయ ఈనె తీయడం, చింతపండు పిక్క తీయడం, తువ్వాలు మడత పెట్టడం గుర్తుంటాయి.

ఖర్చు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. పెద్దవాళ్లకు రోజూ పని అప్పగించే ఈ ఒక్క బాధ్యత కోసం డిగ్రీ చదివిన స్థానిక అమ్మాయినో అబ్బాయినో నెలకు 18,000 రూపాయలకు పెట్టుకున్నారనుకుందాం. 25 మంది మీద పంచితే ఒక్కొక్కరికి 720 రూపాయలు. పది డాలర్ల లోపే. ఏసీ గదికీ మామూలు గదికీ తేడాగా ఇంతకు మించి కట్టడానికి మేము వెనుకాడం. భారం కాని ఆ సొమ్మును ఎందుకు కట్టడం లేదంటే, అడగాలని తోచకపోవడం వల్లే. అయితే నెలనెలా వచ్చే వృద్ధాప్య పింఛను మీదే బతికేవాళ్లకు ఇది కుదరదు. వాళ్లకు ఆ మనిషిని ఇవ్వవలసింది ప్రభుత్వమే. 19వ సెక్షన్ కింద నిబంధనలు రాసే అధికారం రాష్ట్రానికి ఉంది. ఆశ్రమంలో ఉండవలసిన సిబ్బంది వరుసలో నర్సు, వంటమనిషి పక్కన ఈ ఉద్యోగం పేరు కూడా చేర్చడం దాని చేతిలో పనే.

అసలు ఆశ్రమంలో చేర్చడమే తప్పు కదా అనేవాళ్లతో నాకు తగువు లేదు. కొడుకు, కోడలు, మనవలు ఉన్న ఇల్లు దొరికితే అంతకంటే కావలసింది ఏముంది? కానీ మనం ఉంటున్న పరాయి దేశానికి తెచ్చుకున్న తల్లిదండ్రులు కారు నడపలేక, పొరుగువాళ్ల భాష రాక, అందరూ ఆఫీసులకు వెళ్లిన ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండటమూ మనకు తెలిసిందే. ఎక్కడ ఉంచామన్నది ఎంత ముఖ్యమో, అక్కడ వాళ్ల చేతికి ఏమిచ్చామన్నది అంతే ముఖ్యం.

ఈసారి ఆశ్రమానికి ఫోన్ చేసినప్పుడు భోజనం గురించి, బీపీ గురించి అడిగాక మేనేజరును ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మా అమ్మకు ఏది ఇష్టమో తెలుసుకుని రోజూ ఒక పని అప్పగించే మనిషి మీ దగ్గర ఎవరు? రేపు పొద్దున మా నాన్న చేతుల మీదుగా ఏం జరగబోతోంది? జవాబు లేకపోతే, అక్కడ చేరిన మిగతావాళ్ల పిల్లల నంబర్లు తీసుకుని నలుగురూ కలిసి ఆ జీతం భరిస్తామని చెప్పండి. కోదాడ చుట్టుపక్కల ఆ ఉద్యోగం చేయగలిగినవాళ్లు ఉన్నారు.