చొప్పదండికి సల్వా ఎంత దూరం?

కరీంనగర్ నుండి ఉత్తర దిశగా ఇరవై కిలోమీటర్లకు లోపే ప్రయాణిస్తే చొప్పదండి వస్తుంది. జిల్లావాసులకు ఇది జవహర్ నవోదయ విద్యాలయం ఉన్న ఊరుగా పరిచితం. ఎన్నికల వేళ గంగాధర, రామడుగు, మల్యాల, కొడిమ్యాల, బోయినపల్లి మండలాలను కలుపుకున్న నియోజకవర్గంగా పత్రికలలో దీని పేరు కనిపిస్తుంది. బస్సు కిటికీ నుండి చూసే బాటసారికి వరి పొలాలు, కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు తప్ప విశేషమేదీ తోచకపోవచ్చు. కాస్త నిలిచి దుకాణాల బోర్డులు చదివితే మరొక భూగోళం కంటబడుతుంది. పాస్‌పోర్టు ఫొటోలు, విమాన టిక్కెట్లు, విదేశాల నుండి వచ్చిన సొమ్ము చెల్లించే కౌంటర్లు. మా వైపు పల్లెలలో ‘బయటి దేశం’ అంటే అమెరికా కాదు. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్, ఖతర్, బహ్రైన్.

ఈ బాట పట్టినవారంతా ముస్లింలేనని దూరప్రాంతాల మిత్రులు భావిస్తుంటారు. అది వాస్తవం కాదు. కల్లు గీసిన చేతులు, మగ్గం నేసిన చేతులు, నాగలి పట్టిన చేతులు యాభై ఏళ్ళుగా ఎడారిలో ఇటుకలు మోస్తున్నాయి. దళిత వాడల నుండి, వెనుకబడిన తరగతుల ఇళ్ళ నుండి వెళ్ళినవారే ఎక్కువ. అందుకే అరబ్బు పాలకులు ఒక గదిలో కూర్చుని సంధి కుదుర్చుకున్నారా, తలుపు విసిరి లేచిపోయారా అన్నది ఇక్కడ మతంతో నిమిత్తం లేకుండా ప్రతి గడపకూ సంబంధించిన విషయం.

మేము బోధించేది అరబీ వ్యాకరణం, ఫిఖ్హ్. అయితే అరబీ వచ్చినవారికి అరబ్బు రాజుల మనసు కూడా తెలుస్తుందని ఊరి నమ్మకం. ఒప్పంద పత్రాలు, ఇఖామా కాగితాలు, ఒక్కోసారి మరణ ధ్రువీకరణ పత్రాలు చదివించుకోవడానికి వచ్చేవారు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగే ప్రశ్న ఒకటే: “మౌల్సాబ్, లడాయి అయితదంటరా? మా పోరన్ని రమ్మని చెప్పాల్నా?”

ఈ ప్రశ్నను మేము మొదట విన్నది 1990లో, విద్యార్థి దశలో. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. కువైట్ దీనారు విలువ కోల్పోయింది, మన రాయబార కార్యాలయం ముందు జనం బారులు తీరారు. బస్సులలో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారి గుడారాలలో వంతు కోసం ఎదురుచూసి, అమ్మాన్ నుండి విమానాలెక్కారు. రెండు మాసాలలో సుమారు 1,70,000 మంది భారతీయులు అలా స్వదేశం చేరారు. ఏళ్ళ తరబడి కూడబెట్టినది అక్కడే వదిలి, చేతి సంచితో ఇల్లు చేరినవారు వారిలో ఎందరో.

అదే ఆగస్టు 10న కైరోలో అరబ్ లీగ్ అత్యవసర శిఖరాగ్ర సభ జరిగింది. సౌదీ రక్షణకు అరబ్బు సేనలను పంపే తీర్మానానికి పన్నెండు రాజ్యాలు సమ్మతి తెలిపాయి. ఇరాక్, లిబియా వ్యతిరేకించాయి. యెమెన్, అల్జీరియా తటస్థంగా నిలిచాయి. జోర్డాన్ మనసు విప్పలేదు. ట్యునీషియా రానేలేదు. ఆ పైన విషయం అరబ్బుల చేయి దాటి భద్రతా మండలికీ, అమెరికా యుద్ధనౌకలకూ పోయింది. యెమెన్ తన తటస్థతకు మూల్యం చెల్లించింది. సౌదీ అరేబియా యెమెనీలకున్న ప్రత్యేక సౌకర్యాలను రద్దు చేయగా లక్షలాది యెమెనీ కార్మికులు మూటా ముల్లె సర్దుకున్నారు. రాజుల అలుక కూలివాని మెడకు చుట్టుకోవడం మనవారికే పరిమితం కాదు.

ఇది తప్పనిసరి గతియా? కాదని అదే కువైట్ చరిత్ర చెబుతుంది. 1961 జూన్‌లో కువైట్ స్వతంత్రమైన కొద్ది రోజులకే అది తమ భూభాగమని ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం ప్రకటించాడు. కువైట్ పిలుపుపై బ్రిటిష్ సేనలు దిగాయి. అరబ్ లీగ్ జూలైలో కువైట్‌కు సభ్యత్వమిచ్చి, బ్రిటిష్ సేనల స్థానంలో సౌదీ, ఐక్య అరబ్ గణరాజ్యం, సూడాన్, జోర్డాన్, ట్యునీషియాల దళాలను నిలిపింది. యుద్ధం లేకుండా ఆ గండం గడిచింది. వ్యాజ్యం అదే, సరిహద్దు అదే. తొలిసారి అన్నదమ్ములు ముందుగా కదిలారు, రెండవసారి ఆలస్యమయింది, అందులోనూ చీలిపోయారు. ఈ పోలికను మన పత్రికలు ఎందుకో అంతగా గుర్తుచేయవు.

చీలికకు మూలం కొంతవరకు రాతలోనే ఉంది. 1945 మార్చి 22న కైరోలో కుదిరిన లీగ్ ఒడంబడిక ఏడవ అధికరణం ప్రకారం ఏకగ్రీవ నిర్ణయం అందరికీ శిరోధార్యం. మెజారిటీ నిర్ణయం మాత్రం దానిని అంగీకరించినవారికే వర్తిస్తుంది. గ్రామ పంచాయతీ తీర్పు నచ్చినవాడే పాటించాలంటే ఆ పంచాయతీ ఎలా సాగుతుందో మా పల్లె పెద్దలకు చెప్పనక్కరలేదు. ప్రస్తుతం సభ్యులు ఇరవై ఇద్దరు.

కువైట్ బాధితులకు నష్టపరిహారం దక్కింది గాని, ఆ ఏర్పాటు లీగ్‌ది కాదు. ఐక్యరాజ్య సమితి 1991లో జెనీవాలో స్థాపించిన పరిహార సంఘం, ఇరాక్ చమురు ఆదాయం నుండి కువైట్‌ను విడిచిపోవలసి వచ్చిన వ్యక్తులకు 2,500 లేదా 4,000 డాలర్ల చొప్పున చెల్లించింది. ఇరాక్ తుది వాయిదా కట్టింది 2022లో. అప్పటికి చెల్లింపుల మొత్తం 52 బిలియన్ డాలర్లు దాటింది. మేమెరిగిన ఒక పెద్దాయన ఆ సొమ్ముతో బావి తవ్వించుకున్నాడు. ఇప్పటికీ దానిని ‘కువైట్ బావి’ అనే పిలుస్తాడు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో పాల్గొన్న ‘హిల్ఫుల్ ఫుదూల్’ ఒడంబడిక ఇక్కడ గుర్తుకు రాక మానదు. యెమెన్ ప్రాంతపు జబీద్ నుండి సరుకు తెచ్చిన ఒక పరదేశికి మక్కా ప్రముఖుడొకడు ధర చెల్లించలేదు. అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమైన తెగలు, పీడితుడు ఎవరైనా సరే అతని హక్కు ఇప్పించేవరకు కలిసి నిలుస్తామని ప్రమాణం చేసాయి. అలాంటి ఒప్పందానికి ఇస్లాం వచ్చిన తరువాత పిలిచినా వెళతానని ఆయన (స) అన్నట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. అరబ్బుల సామూహిక దౌత్యానికి అంతటి పూర్వోదాహరణ పరదేశి రాబడి విషయమై పుట్టడం మా ఊరివారికి ఎక్కువగా నచ్చే సంగతి.

ఇక సల్వా. ఖతర్‌కు ఉన్న ఏకైక భూసరిహద్దు అది. 2017 జూన్ 5న, అంటే రమజాన్ పదవ రోజున, సౌదీ అరేబియా, ఎమిరేట్స్, బహ్రైన్, ఈజిప్టు ఖతర్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. సల్వా మూతపడింది. దోహా ఆహారంలో సుమారు 40 శాతం ఆ దారినే వచ్చేది. ప్రపంచకప్ క్రీడా ప్రాంగణాల పనులకు వెళ్ళిన మన యువకులు పాల డబ్బా కోసం దుకాణాల వెంట తిరిగిన కథలు ఇళ్ళకు ఫోనులో చేరాయి. దోహా నుండి బస్సులో ఉమ్రాకు వెళ్ళే వీలు పోయింది. దుబాయిలో అన్న, దోహాలో తమ్ముడు ఉన్న కుటుంబాలలో వారు పండుగకు ఒకరినొకరు చూసుకోవాలంటే మస్కట్ మీదుగానో, కువైట్ మీదుగానో తిరిగి రావలసి వచ్చింది.

1981 మే 25న అబూదబీలో ఏర్పడిన గల్ఫ్ సహకార మండలి శాసనంలో వివాదాల పరిష్కారానికి ఒక సంఘం ఉంది. ఈ తగాదాలో దాని ఊసే లేదు. కువైట్ అమీర్ షేఖ్ సబాహ్ అల్ అహ్మద్ వృద్ధాప్యంలో రాజధానుల మధ్య తిరిగాడు. పదమూడు షరతుల పత్రం ఆయన చేతుల మీదుగానే దోహా చేరింది. 2017 డిసెంబరులో ఆయన ఆతిథ్యమిచ్చిన సభకు సౌదీ రాజు రాలేదు. రెండు రోజుల సభ ఒక్క రోజులో ముగిసింది. 2020 సెప్టెంబరులో ఆయన కన్నుమూసాడు. సయోధ్య 2021 జనవరి 5న అల్ ఉలాలో కుదిరింది. కొద్ది రోజులకే సల్వా తెరుచుకుంది.

ఆ వారం మేము పిల్లలకు హిదాయా గ్రంథంలోని సుల్హ్ ప్రకరణం బోధిస్తున్నాము. సుల్హ్ మూడు విధాలు: ప్రతివాది దావాను ఒప్పుకుని చేసుకునేది, మౌనం వహించి చేసుకునేది, నిరాకరిస్తూనే చేసుకునేది. హనఫీలకు మూడూ చెల్లుతాయి. ఇమామ్ షాఫయీ (రహ్మలై) మొదటిదాన్నే అంగీకరించారు. అల్ ఉలా ఏ కోవకు చెందుతుందని ఒక విద్యార్థి అడిగాడు. పదమూడు షరతులను ఖతర్ ఒప్పుకోలేదు, తగాదాకు దారితీసిన ఆరోపణలపై తీర్పూ వెలువడలేదు, దారి మాత్రం తెరిచారు. మౌనపు సుల్హ్ అనే మేము చెప్పాము. వ్యాజ్యం మాసిపోదు గాని వ్యాపారం నడుస్తుంది, తమ్ముడు అన్నను చూడగలుగుతాడు. హనఫీలు దీనిని ఎందుకు చెల్లుబాటు చేసారో ఆ రోజు పిల్లలకు వేరే ఉదాహరణ అవసరపడలేదు.

ఫలస్తీనా విషయంలో మౌనపు సుల్హ్ పనికిరాదు, అక్కడ హక్కు తేలాలి. 2002 మార్చిలో బైరూత్ సభ ఏకగ్రీవంగా ఒక ప్రతిపాదన చేసింది: 1967లో ఆక్రమించిన భూభాగాల నుండి ఇస్రాయీల్ వైదొలగి, తూర్పు జెరూసలేం రాజధానిగా ఫలస్తీనా రాజ్యం ఏర్పడితే అరబ్బులందరూ సాధారణ సంబంధాలు పెట్టుకుంటారు. రామల్లాలో నిర్బంధంలో ఉన్న యాసిర్ అరాఫాత్ ఆ సభకు రాలేకపోయాడు. ఆ కాగితం నేటికీ అమలు కాలేదు. 2020 నుండి కొన్ని రాజ్యాలు షరతును పక్కనపెట్టి విడివిడిగా ఒప్పందాలు చేసుకున్నాయి. ఉమ్మడి బేరంలో ఒకడు ముందే సరుకు అమ్ముకుంటే మిగిలినవారికి ధర దక్కదు. ధాన్యం మార్కెట్టు ఎరిగిన రైతుకు ఇది కొత్త కాదు.

2025 సెప్టెంబరు 9న సంధి చర్చలకు వేదికైన దోహా మీదనే ఇస్రాయీల్ బాంబులు వేసింది. 15వ తేదీన అరబ్బు, ఇస్లామీయ దేశాధినేతలు అక్కడ అత్యవసరంగా సమావేశమై ఖండించారు. ఇస్రాయీల్‌తో సంబంధాలను సమీక్షించాలని సభ్య దేశాలను కోరారు. మరుసటి రోజు ఒక తల్లి మా వద్దకు వచ్చింది. ఆమె కుమారుడు దోహాలో క్రేన్ నడుపుతాడు. సభలో ఏమన్నారో చదివి చెప్పాము. ఆమె శ్రద్ధగా విని, “అన్నరు సరే, విమానాలు నడుస్తున్నయా?” అని అడిగింది. నడుస్తున్నాయని చెప్పాము.