సిర్ర దెబ్బకు రిలే

మా తాత డప్పు కొట్టిండు. మా నాయిన కొట్టిండు. నాకు ఆ పని రావొద్దనే నాయిన నన్ను హాస్టల్ల ఏసిండు. మా ఇంటిపేరు మీద డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. డీఎస్సీ రాసి జిల్లా పరిషత్ హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్తున్న. పెండ్లయినా, సావయినా, చాటింపయినా నాయిన డప్పు లేంది మా ఊరు కదిలేది కాదు. కొట్టినందుకు ఇచ్చే గింజలు మాత్రం పైనుంచి తువ్వాలల పోసేటోళ్లు, చెయ్యి తగులకుండ.

సైన్స్ ఫేర్ కోసం మా పిల్లలతోటి ఒక సర్క్యూట్ చేయించిన. వాయిద్యం మోగితే ఆ సిగ్నల్‌కు రిలే పడాలె, బల్బు ఎలగాలె. ఏ వాయిద్యం పెడదామని స్టాఫ్‌రూంల మాటొచ్చింది. ఒక సారు కీబోర్డు అన్నడు. ఇంకొకాయన వీణ తెప్పిద్దామన్నడు. నేను డప్పు అన్న. కాసేపు ఎవరూ మాట్లాడలే.

"సావుకు కొట్టేది బడిలకెందుకు సార్? సైన్స్‌ల గూడ కులం తెస్తరా?" అన్నడు వీణ సారు.

వీణ తెస్తె కులం రాదట, డప్పు తెస్తెనే వస్తదట!

1920ల సి.వి.రామన్, ఎస్.కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికల మన వాయిద్యాల గురించి రాసిండు. మృదంగం, తబలా తోలు నడుమ నల్లటి ముద్ద అద్దుతరు కాబట్టి వాటి ఉపస్వరాలు శ్రుతిల కుదురుతయని తేల్చిండు. ఆ మృదంగం తోళ్లు బిగించే చేతులు ఎక్కువగా దళితులవేనని టి.ఎం.కృష్ణ 2020ల 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంల రాసిండు. డప్పుకు ఆ ముద్ద లేదు, దాని ఉపస్వరాలు అట్ల కుదరవు. కుదరకపోతే మాకేంది? మా సర్క్యూట్‌కు శ్రుతి అక్కర లేదు. దెబ్బ ఒక్కసారిగ లేవాలె, గబుక్కున పడాలె. ఆ పని డప్పుకు పుట్టుకతో వచ్చు.

"డప్పు ఎవరింట్ల ఉంది?" అని క్లాసుల అడిగితే నలుగురు తలకాయలు వంచిన్రు. ఆ వంచుడు నాకు తెలుసు. నేనూ అదే తీరుగ వంచి పదేండ్లు చదివిన. తెల్లారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె తండ్రిని తోలుకొచ్చింది. ఆయన డప్పు సంకన పెట్టుకొని గేటు కాడనే ఆగిండు.

"లోపటికి రా అన్నా."

"ఈడ్నే ఉంట సారూ."

"మా నాయిన గూడ కొట్టిండే. రా."

అప్పుడు నా మొఖం తేరిపార చూసి లోపటికొచ్చిండు.

మైకు పెడితే బడి గంటకు, సార్ల కేకలకు గూడ రిలే పడుతది. అందుకే రూపాయి బిళ్ల కన్న జర పెద్దగుండే పీజో బిళ్ల తెచ్చినం. దాన్ని తోలుకే అంటిద్దామన్నరు పిల్లలు. "తోలుకు ఒద్దు బిడ్డా. కొట్టే ముందల మంటకు కాగబెడ్తం, ఊడుతది. మోత గూడ మూగబోతది. చెక్కకు పెట్టున్రి" అన్నడాయన. చెక్కకే పెట్టినం.

బిళ్ల నుంచొచ్చే సిగ్నల్‌ను ఎల్ఎం358 ఐసీల ఒక సగం బలపరుస్తది. డయోడ్ దాటి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ నిండుతది. దానికి అడ్డంగ లక్ష ఓముల రెసిస్టర్ ఉంది కాబట్టి ఒక సెకను దాక ఆ వోల్టేజి నిలబడుతది. కెపాసిటర్ 1 మైక్రోఫారడే పెడితే దెబ్బ దెబ్బకు రిలే టకటక కొట్టుకుంటది. ఐసీల రెండో సగం ఆ వోల్టేజిని మేం తిప్పి పెట్టిన హద్దుతోటి పోలుస్తది. హద్దు ఎక్కడ పెట్టాలెనో ఆ అన్ననే కొట్టి చూపిచ్చిండు: ఎడమ చేతి సిటికెన పుల్లకు పడొద్దు, కుడిచేతి సిర్రకు పడాలె. హద్దు దాటితే బీసీ547 ట్రాన్సిస్టర్ తెరుచుకొని 12 వోల్టుల రిలే చుట్టల 30 మిల్లీ ఆంపియర్లు పారుతయి. కరెంటు ఆగినప్పుడు చుట్ట ఎదురు వోల్టేజి ఎగజిమ్మి ట్రాన్సిస్టర్‌ను కాలుస్తది, అందుకే చుట్టకు తిరగేసి ఒక డయోడ్ పెట్టినం.

రిలేల 12 వోల్టుల దిక్కు, 230 వోల్టుల దిక్కు ఒకదాన్నొకటి తాకవు. నడుమ అయస్కాంతమే పని చేస్తది. ఎందుకు తాకొద్దంటే, తాకితే పిల్లల పానం పోతది. ఇది బోర్డు మీద గీసి చెప్తుంటే నాకు నాయిన తువ్వాల యాదికొచ్చింది. ఆ గింజలు పైనుంచి పోసుడుకు ఏం కారణముండె? ఎవరి పానం పోతుండె?

ప్రకాశం జిల్లా ఈదుముడిల 1994ల దండోర పుట్టినప్పుడు నేను పలక పట్టే ఈడుల ఉన్న. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు 2024 ఆగస్టు 1న వచ్చింది. ఆ దినం మా వాడల డప్పు పొద్దూకేదాక మోగింది. ఇన్నేండ్లల్ల కోర్టు దాక పోయిన డప్పు బడి గేటు కాడ మాత్రం ఆగుతనే ఉంది.

ఫేర్ల ఆ పిల్లనే సిర్ర పట్టింది. మా దిక్కు ఆడపిల్లలు డప్పు పట్టుడు తక్కువ. "మణికట్టు వదులు చెయ్యి బిడ్డా" అన్నడు తండ్రి ఎనక నుంచి. బల్బు ఎలిగింది. "దీంతో ఏం లాభం?" అనడిగిండు జడ్జి సారు.

"మా నాయినమ్మకు చెవులు వినరావు సార్. చాటింపేస్తే లైటు చూసి తెలుసుకుంటది" అన్నది.

జడ్జి సారు ఏందో రాసుకున్నడు. ప్రైజు రాలే. సర్క్యూట్ ల్యాబ్ బీరువల ఉంది. పీజో బిళ్ల ఊడదీసి డప్పు ఆ అన్నకు ఇచ్చేసినం. ఎల్లుండి పక్కూర్ల పెండ్లికి పోవాలట.