నాంపల్లి నుంచి నాన్నకు

నాంపల్లి, హైదరాబాద్, శనివారం

నాన్నా,

మీ వైద్యం సంగతి కనుక్కోవడానికి నేను బయల్దేరే ముందు మీరు అడిగారు, అమెరికాలో లక్షలయ్యే వైద్యం ఇక్కడ వేలల్లో అవుతుందంటే సరుకులో ఏదో తేడా ఉండాలి కదా అని. రైలంతా అదే ఆలోచన.

స్టేషన్ బయటికొస్తే వరసగా లాడ్జీలు. నేను దిగినచోట సగం గదులు సూడాన్, యెమెన్, సోమాలియా నుంచి వైద్యానికి వచ్చినవాళ్లవే. వాళ్ల వెంట అరబ్బీ వచ్చిన కుర్రాడొకడు ఫైళ్లు మోస్తూ తిరుగుతుంటాడు. పక్క గది పెద్దాయన ఖార్తూమ్ నుంచి వచ్చి గుండెకు స్టెంట్ వేయించుకున్నారు.

స్టెంట్ కథ ఈ పేటకు దగ్గరిదే. 1990లలో అవి విదేశాల నుంచే వచ్చేవి, మామూలువాళ్లకు అందేవి కావు. డాక్టర్ సోమరాజు, అప్పట్లో క్షిపణుల పనిలో ఉన్న అబ్దుల్ కలాం కలిసి చౌకలో ఒకటి తయారు చేయించారు. కలాం-రాజు స్టెంట్ అంటారు. సోమరాజు గారి కేర్ ఆసుపత్రి 1997లో నాంపల్లిలోనే మొదలైంది. అయినా ఆ తర్వాత వచ్చిన మందు పూత స్టెంట్లు లక్ష దాటి అమ్ముడుపోతూనే వచ్చాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం వాటికి 29,600 రూపాయలు, పూత లేనివాటికి 7,260 గరిష్ఠ ధర కట్టింది. లోహమూ పూతా నిన్నటివే. ధర మాత్రం రాత్రికి రాత్రి దిగింది.

ఆబిడ్స్, ఆదివారం

నాన్నా,

పొద్దున ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు చూస్తూ తిరిగాను. మీకొకటి దొరికింది, వచ్చాక ఇస్తాను. నిన్న రాయాల్సిన అసలు సంగతి మిగిలిపోయింది.

హెపటైటిస్-సికి సోఫోస్‌బువిర్ అనే మాత్ర ఉంది. సాధారణంగా పన్నెండు వారాలు వాడాలి. 2013లో గిలియడ్ కంపెనీ అమెరికాలో దానికి పెట్టిన ధర 84,000 డాలర్లు, అంటే మాత్ర వెయ్యి డాలర్లు! బ్రిటన్‌లో దాదాపు 35,000 పౌండ్లు. అదే కంపెనీ ఈజిప్టుకు నెల మందు 300 డాలర్లకే ఇచ్చింది. 2015లో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ, గిలియడ్ లైసెన్సుతోనే, 28 మాత్రల డబ్బా 19,900 రూపాయలకు తెచ్చింది. మూడు డబ్బాలకు దాదాపు అరవై వేలు. అంతకుముందు, 2012 మార్చిలో, కాలేయ క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు భారత పేటెంట్ల అధికారి నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారుచేసే అనుమతి, ఇచ్చారు. పేటెంటున్న బేయర్ కంపెనీ నెలకు 2.80 లక్షలకు అమ్ముతున్న మందు 8,880కి మించని ధరకు వచ్చింది. ఆ నిర్ణయం చదివినప్పుడు నాకు కలిగిన గర్వం ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి చౌక అంటే నాసి అని భయపడకండి. నన్ను బాధపెట్టేది వేరే ఉంది. బ్రిటన్‌లో ఆ పౌండ్లు కట్టేది ప్రభుత్వం, రోగి కాదు. ఇక్కడ పాలమూరు నుంచి వచ్చిన కూలీకి అప్పట్లో ఆ అరవై వేలు కూడా కొండే. పక్కనే రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ మందు ఉచితంగా దొరికినా తోడు వచ్చినవాళ్ల కూలి పోతుంది, తిండి, చార్జీలు మీద పడతాయి. దేశాల ధరలు పోల్చే పట్టికల్లో ఈ ఖర్చు సాధారణంగా కనిపించదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ వైద్య పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. మంచి పనే. దారిఖర్చు, పోయిన కూలి కూడా అందులో కలిపేదాకా అడుగుతూనే ఉండాలి.

మీరిక ఆలస్యం చేయొద్దు. పాత ఈసీజీలు, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీ సంచిలో పెట్టుకుని అమ్మతో కలిసి బుధవారం రైలెక్కండి. నేను స్టేషన్‌కు వస్తాను.

మీ అమ్మాయి