తీగ ఎవరిది?

8 జూలై 2024, సోమవారం, మేడ్చల్

రెండో పీరియడ్‌కల్లా ల్యాబ్ మొత్తం పడుకుంది. ముప్పై సిస్టమ్‌లు, ఒక్కటీ పలకదు. సిస్టమ్‌ల తీగలన్నీ కలిసే స్విచ్ దగ్గరికి పోయి చూస్తే పచ్చ లైట్లన్నీ ఒకే తాళంలో పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. చూడగానే తెలిసిపోయింది, లూప్. ప్యాచ్ కేబుల్ కొన ఒకటి వేలాడుతోందని ఎవరో దాన్ని కూడా అదే స్విచ్‌లో గుచ్చారు. "ఫలానా సిస్టమ్ ఎక్కడుంది?" అని అందరికీ వినబడేలా వేసే కేక ఒకటి ఉంటుంది, బ్రాడ్‌కాస్ట్ అంటాం. గుండ్రంగా తిరిగే దారి దొరికితే ఆ కేక ఆగదు, తిరిగినకొద్దీ పెరుగుతుంది. మాది చవక స్విచ్, లూపును పట్టే తెలివి దానికి లేదు. తీగ పీకేశాను, అన్నీ లేచి కూర్చున్నాయి.

"ఖాళీగ ఉందని పెట్టిన సార్" అన్నాడు పిల్లవాడు. సర్దిపెట్టే గుణం ఉన్నవాడు, తిట్టబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం క్రింపింగ్, అంటే నెట్‌వర్క్ తీగ కొనకు ప్లగ్గు బిగించడం. లోపలి పోగుల వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పచ్చ జంట విడిపోయి నీలం జంటకు అటొకటి ఇటొకటి నిలబడాలి. పిల్లలు జాలిపడి పచ్చ రెంటినీ పక్కపక్కనే కూర్చోబెడతారు. రెండు కొనల్లోనూ అదే తప్పు చేస్తే టెస్టర్ కూడా పట్టదు, ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. తీగ పొడుగైతే మాత్రం డేటా నత్తనడక. సరిగ్గా కొట్టిన తీగకైనా వంద మీటర్లే హద్దు.

10 జూలై, బుధవారం

షేర్ ఆటోలో పక్కాయన చెవిలో బ్లూటూత్, చేతికి స్మార్ట్ వాచీ, జేబులో ఫోను. ఒక్క మనిషి ఒంటి మీది ఈ నెట్‌వర్క్‌ను పుస్తకంలో పాన్ అంటారు, పర్సనల్ ఏరియా నెట్‌వర్క్. పర్సనలే గానీ, దిగేలోపు వాళ్ల మామతో భూమి పంచాయితీ మొత్తం నాకు తెలిసిపోయింది.

12 జూలై, శుక్రవారం

పదకొండింటికి ఇంటర్నెట్ పోయింది. గోడ మీది పెట్టెలో ఎర్ర లైటు. రోడ్డు పనిలో జేసీబీ ఫైబర్‌ను లాగేసిందట. కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశాను.

పిల్లలు లేచి సంచులు సర్దుకుంటున్నారు. కూర్చోమని, పక్క సిస్టమ్‌లోని ఫైల్ తెరిపించాను, ఆఫీసు గదిలోని ప్రింటర్‌కు కాగితం పంపించాను. వచ్చింది. "నెట్ లేదు కద సార్, నెట్‌వర్క్ ఎట్ల నడుస్తది?" ఏడాదంతా చెప్పినా రాని ప్రశ్న జేసీబీ పుణ్యాన వచ్చింది.

పుస్తకం దూరం కొలిచి చెబుతుంది: గది, భవనం అయితే లాన్, ఊరైతే మాన్, దేశాలు దాటితే వాన్. నాకు ఆ టేపు మీద నమ్మకం తక్కువ. జవహర్‌నగర్‌లోని బిట్స్ పిలానీ క్యాంపస్ చూడండి, 2008 నుంచి ఉంది. అంత పెద్ద ఆవరణలో ఇటు హాస్టళ్లు, అటు తరగతులు. అయినా కాంపౌండు లోపల తెగిన తీగను బాగుచేసుకోవాల్సింది వాళ్లే. అదే మేడ్చల్ బజారులో ఒకే యజమానికి ఎదురెదురుగా రెండు దుకాణాలుంటే, మధ్యనున్న ముప్పై అడుగుల రోడ్డు దాటించడానికి ఎవరి స్తంభమో, ఎవరి లైనో కావాలి. తీగ ఎవరిదన్నదే నా కొలత.

13 జూలై, శనివారం

సాయంత్రం రోడ్డు పక్కన గొడుగు కింద, తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ చూశాను. కుర్రాడు గాజుపోగుల్ని స్పిరిట్‌తో తుడిచి, కొనలు సమంగా కోసి, చిన్న మిషన్‌లో ఎదురెదురుగా పడుకోబెట్టాడు. తెర మీద రెండు కొనలూ దుంగల్లా కనబడ్డాయి. చిటుక్కున మెరుపు, అంతే, అతుక్కున్నాయి. వెలుగు పోయే గర్భం 9 మైక్రాన్లు, వెంట్రుక దాని ముందు మోకు. ఇక్కడా రంగుల వరసే: నీలం, నారింజ, పచ్చ. "అన్నా, జర గొడుగు పట్టుకో" అంటే పట్టుకున్నాను. ఏడింటికి మా గోడ మీది పెట్టెలో లైటు పచ్చబడింది.

14 జూలై, ఆదివారం, శామీర్‌పేట

చెరువు కట్ట మీద బావతో. రౌటర్ అంటే ఏందని అడిగాడు. నీరటి అన్నాను. తూము తెరిచాక ఏ నీళ్లు ఏ కాలువకు పోవాలో నీరటికి తెలుసు, రౌటర్‌కు ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలో తెలుసు. నీరటికి రైతుల మొహమాటం ఉంటుంది, దీనికి లేదు. బావకు వెంటనే ఎక్కింది. నీళ్ల పోలిక ఇక్కడ ఊరికే రాదు. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంటర్నెట్ కోసం టీ-ఫైబర్ గొట్టాలు కూడా వేశారు.

రాత్రి చెల్లె డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసింది. మాట్లాడాక అమెరికాలోని ఒక సర్వర్‌కు, దారిలోని ఒక్కో అడుగునూ చూపే ట్రేస్‌రూట్ కొట్టాను. మొదటి అడుగు మా ఇంటి రౌటర్, 1 మిల్లీసెకను. ఊళ్లో ఉన్నంతసేపూ పది లోపే. సముద్రం దాటాక ఒక్కసారిగా రెండు వందల పైన. మన రాష్ట్రానికి సముద్రం లేదు, ముంబైకో చెన్నైకో పోయి అక్కడ కడలి కింది కేబుల్ ఎక్కాలి. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ఆ మాత్రం పడుతుంది.

16 జూలై, మంగళవారం

స్లిప్ టెస్టు. లాన్, వాన్ తేడాలు రాయమన్నాను, ఐదు మార్కులు. అందరూ పుస్తకంలోని పట్టిక దించారు. లూపు పెట్టినవాడు ఒక్కటే వాక్యం రాశాడు: "లాన్ చెడిపోతే సార్ బాగుచేస్తడు, వాన్ చెడిపోతే సార్ ఫోన్ చేస్తడు."

మూడు వేశాను. మిగతా రెండు మార్కులకు వేగం, ఖర్చు రాయాలి.