యాభైకా, యాభై అయిదుకా?

ఏమండోయ్, మీ ఇంట్లో వేణ్ణీళ్లు ఎన్ని డిగ్రీలకి కాగుతాయో చెప్పండి చూద్దాం! ఉల్లిపాయల ధర తెలుసు, పక్కింటి అబ్బాయి ప్యాకేజీ తెలుసు, రోజూ నెత్తిన పోసుకునే నీళ్ల వేడి మాత్రం తెలీదు. మీ తప్పేం లేదులెండి. గీజర్లో థర్మోస్టాట్ ఉంటుందిగానీ దాన్ని మూత కింద దాచేశారు. మనకి కనబడేది ఎర్ర దీపం ఒక్కటే. ఆరిందా, బకెట్ పెట్టు. అంతే సంగతులు.

మా బెంగళూరులో ఇప్పుడా రోజులు పోతున్నాయి. అపార్టుమెంట్లు పైపైకి లేస్తున్నాయి, మేడ మీద చోటు మాత్రం అంతే. అందరికీ సోలార్ పలకలు ఎక్కడ పరుస్తారు? దాంతో వంటింటి వెనక యుటిలిటీలో, వాషింగ్ మిషను పక్కన, హీట్ పంప్ అనే కొత్త కోడలు కాలు పెడుతోంది. పేరు చూసి హడలిపోకండి. ఫ్రిజ్జు చేసే పనే ఇదీ చేస్తుంది, కాకపోతే అటునుంచి ఇటు. ఫ్రిజ్జు లోపలి వేడిని లాగి బయట పారేస్తుంది. ఇది బయటి గాలిలో వేడిని లాగి ట్యాంకులో నీళ్లకి ఎక్కిస్తుంది. రెండొందల లీటర్లని 22 డిగ్రీల నుంచి 52కి తేవాలంటే గీజరు ఏడు యూనిట్లు మింగుతుంది. ఇది రెండూ రెండున్నరతో సరిపెట్టేస్తుంది. మిగతాది గాలి పుణ్యం! ఈ కిటుకు కెల్విన్ దొర 1852లోనే చెప్పాడట. మన యుటిలిటీ దాకా రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

చలిదేశాల్లో దీంతో ఇల్లంతా వెచ్చబెట్టుకుంటారు. మనకి ఇల్లెందుకూ, స్నానానికి చాలు. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల పైన కూచున్న ఊరు. ఇక్కడి చలి కోరలున్నది కాదు. 1884 జనవరి 13న 7.8 డిగ్రీలకి దిగింది, అదే ఇప్పటికీ రికార్డు. చలిదేశాల్లో గాలి బాగా చల్లబడితే పంపు మీద మంచు పేరుకుంటుంది, ఆ మంచు కరిగించుకోడానికి అది కాసేపు పని మానాలి. ఇక్కడ దానికా బాధే లేదు. ఈ ఊరికి వచ్చి ఎవరు సుఖపడలేదు చెప్పండి!

అసలు కథ ముందుంది. ఈ పంపుకి ఒక ముఖం ఉంటుంది, కంట్రోలరంటారు. అంకెలు, బాణాలు, మోడ్‌లు. అక్కడే మొగుడూ పెళ్లాల రాజకీయం మొదలు. ఒకరు యాభై అంటారు, ఒకరు అరవై అంటారు. పై ఫ్లాటు మేష్టారైతే 65 పెట్టి, ఆపైన సగం బకెట్ చన్నీళ్లు కలుపుకుంటారు! కాచినదెందుకు, చల్లార్చినదెందుకు మేష్టారూ? వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడన్నారుగానీ, మరీ ఇంత తోడా? నీళ్లు వేడెక్కుతున్న కొద్దీ పంపుకి ఆయాసం, మీటరుకి ఉత్సాహం. మా ఇంట్లో 52. ఎందుకు 52 అని అడక్కండి. ఆయన యాభై, నేను యాభై అయిదు. అర్థమైందిగా?

నన్నడిగితే ముఖంలో అంకెల అందం కాదు చూడాల్సింది. కొనేముందు షాపువాణ్ణి ఒక్క మాట అడగండి: "కరెంటు పోయి వచ్చాక దీనికి అన్నీ గుర్తుంటాయా?" మన కరెంటు సంగతి మీకు వేరే చెప్పాలా! మతిమరుపు కంట్రోలరైతే గడియారం పన్నెండుకెళ్లి మినుకుమినుకుమంటుంది, టైమరు గోవిందా. పొద్దున ఆఫీసు హడావుడిలో చన్నీళ్ల అభిషేకం.

రెండో సంగతి నాకు భలే ఇష్టం. తేడా ఎంత అని. 52 పెట్టారనుకోండి, మళ్లీ ఎన్ని డిగ్రీలకి దిగాక పంపు లేవాలి? తేడా రెండే అయితే మీరు చేతులు కడుక్కున్నా అది ఉలిక్కిపడి లేస్తుంది. అయిదు ఉంచారా, హాయిగా పడుకుంటుంది. కంప్రెసరుకి ఆగాక మూడు నిమిషాల విశ్రాంతి కావాలి, లేకపోతే లోపలి ఒత్తిడి సర్దుకోక మొండికేస్తుంది. మంచి కంట్రోలరు ఆ మూడు నిమిషాలూ తనే లెక్కపెట్టుకుంటుంది. మీరు టకటకా ఎన్ని మీటలు నొక్కినా ఉలకదు పలకదు. పాడైపోయిందని మెకానిక్‌కి ఫోన్ కొట్టకండి, కాస్త ఓపిక పట్టండి బాబూ.

ఇలాంటి చిన్న డిజిటల్ కంట్రోలర్లు మా బెంగళూరు ఎస్పీ రోడ్డు కొట్లలో కుప్పలు. చేపల తొట్టెకీ, కోడిపిల్లల ఇంక్యుబేటరుకీ, అన్నిటికీ అవే. ఆ సందుల్లో తిరగడమే ఒక సరదా. కన్నడంలో బేరం మొదలెడితే కొందరు కొట్లవాళ్లు తెలుగులోకి దిగుతారు. అయితే కొత్త పంపుకి బయటి కంట్రోలరు తగిలించకండి, వారంటీ పోతుంది. చూసి మురిసిపోండి చాలు.

టైమరు అన్నానా? జనమంతా పాలవాడితో పాటు తెల్లారి అయిదింటికి పెడతారు. గాలి అప్పుడే కదండీ బాగా చల్లగా ఉండేది! మధ్యాహ్నం రెండింటికి పెట్టి చూడండి. ఎండ వేడినంతా జుర్రుకుంటుంది. ట్యాంకుకి దళసరి కోటు ఉంటుంది కాబట్టి తెల్లారేసరికి తగ్గేది నాలుగు డిగ్రీలో అయిదో. పైగా ఆ పూట పంపు వదిలే గాలి చల్లన. ఏప్రిల్‌లో యుటిలిటీలో ముక్కాలి పీట వేసుకుని, ఆ గాలి కింద కూచుని బీన్స్ ఈనెలు తీయండి. ఊటీ అంటే అదే.

ఇంకోటి ఉంది, బూస్ట్ మీట. అది నొక్కితే లోపల కాయిల్ వెలుగుతుంది, అంటే మామూలు గీజరే. అమెరికాలో మనవాళ్ల ఇళ్లు వెచ్చబెట్టే పంపుల్లో ఇలాంటిదాన్నే ఎమర్జెన్సీ హీట్ అంటారు, బిల్లు చూశాకే దాని విలువ తెలుస్తుంది. థర్మోస్టాట్ కథలో ఒక మలుపూ ఆ దేశంలోదే. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అని ఓ పంతులుగారు. గది వేడి చూడ్డానికి నౌకరు మాటిమాటికీ క్లాసులోకి వస్తుంటే విసిగిపోయి, కింద బాయిలరు దగ్గర గంట మోగే కరెంటు ఏర్పాటు చేసి, 1883లో పేటెంటు పుచ్చుకున్నాడు. పాఠం ఆగకూడదన్న పట్టుదల చూశారా!

బూస్ట్ నొక్కాల్సిన రోజూ లేకపోలేదు. నరక చతుర్దశి ముందు సాయంత్రం ఇక్కడ కన్నడం వాళ్లు నీరు తుంబువ హబ్బ చేసుకుంటారు. రాగి హండె తోమి, పసుపూ కుంకుమా పెట్టి, నీళ్లు నింపుతారు. తెల్లారితే ఇంటిల్లిపాదికీ తలంటు. మా పక్కింటి అమ్మగారు హండె అటకెక్కించేసి, హీట్ పంప్ ట్యాంకుకే కుంకుమ బొట్టు పెట్టింది! ఆ రాత్రి అరవైకి పెట్టండి, తప్పులేదు. అప్పుడప్పుడు అరవైకి కాచడం మంచిదే కూడా. గోరువెచ్చని నీళ్లు నిలవుంటే వాటిలో లెజియోనెల్లా అనే క్రిమి పెరుగుతుంది, ఆ వేడికి అది చస్తుంది.

వైఫై ఉన్నది కొనాలా అని అడుగుతారని తెలుసు. ఫోన్లో నొక్కితే ఇంట్లో నీళ్లు కాగుతాయిట. రెండొందల లీటర్లకి రెండుమూడు గంటలు పడుతుంది మరి, ముందే చెప్తున్నా. సిల్క్‌బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఉండగా నొక్కేస్తే సరి. వైట్‌ఫీల్డ్ చేరేసరికి కాగి, మీకంటే ముందే తయారుగా ఉంటాయి.