వడమాలపేట అవ్వ, పొదుగుకొచ్చిన పెట్ట

తిరుపతిలో పుత్తూరు బస్సెక్కితే దారిలో వడమాలపేట తగులుతుంది. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. రోడ్డు దిగి లోపలి పల్లెల్లోకి నడిచారంటే మామిడితోపులతో పాటు పెరటికోళ్లూ ఎదురొస్తాయి.

నేను వెళ్లింది మే నెల ఎండల్లో. ఓ అవ్వ ఇంట్లో పెట్ట గంపలోంచి లేవనంటోంది. చెయ్యి పెడితే ఈకలు నిక్కించి పొడవొచ్చింది. "గుడ్లు పెట్టి పొదిగించకూడదా అవ్వా?" అన్నాను.

"పోయినేడు ఇట్లాంటి ఎండల్లోనే పన్నెండు పెట్టినా పాపా, మూడే పిల్లలైనాయి. తక్కినవన్నీ మురిగిపోయినాయి" అంది. గుడ్ల డబ్బులే ఆమె చేతిఖర్చు మరి!

కారణం ఉందండీ. ఎండవేడికి గుడ్డులో పిండం పెట్ట కిందికి వెళ్లకముందే ఎదగడం మొదలుపెట్టి, మధ్యలోనే చచ్చిపోతుంది. అందుకే చల్లటి రోజుల్లో, వారంలోపు పెట్టిన గుడ్లనే పది పన్నెండు పొదిగించండి. ఏడోరోజు రాత్రి టార్చిలైటు వెలుగులో చూసి, ఎర్రటి నరాలు కనబడనివి తీసేయండి. 21 రోజులకు పిల్లలు.

పొదిగించడం వద్దనుకుంటే? పెట్టను నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం వంటివి చెయ్యకండి, పాపం! గుడ్లు తీసేసి, అడుగున గడ్డి లేని తీగల బోనును ఇటుకల మీద నీడలో పెట్టి, అందులో మేత, నీళ్లతో మూడు నాలుగు రోజులుంచండి. కిందనుంచి గాలి తగిలి పొట్ట చల్లబడితే పొదుగు మానేస్తుంది. మళ్లీ గుడ్లకు రావడానికి మాత్రం కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

అవ్వ కూడా బోనే వెతికింది. "సంక్రాంతికి రా పాపా, పిల్లల్ని చూద్దువు" అంటూ సాగనంపింది.