పటంలో లేనిది

మా అయ్య తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసిన మనిషి. ఆ బస్తాల మీదే నేను బి.ఎడ్. దాకా, నా తమ్ముడు భౌతికశాస్త్ర పరిశోధన దాకా వచ్చాం. మా ఇంట్లో మాకు ముందు డిగ్రీ చూసినవాళ్లు లేరు. నేను ఏలూరులో ఉంటూ కొల్లేటి లంకల్లో ఒక సర్కారు బడిలో సైన్సు చెబుతున్నాను. తమ్ముడు మన దేశం నుంచే సెర్న్ వారి సీఎంఎస్ ప్రయోగానికి పనిచేసే జట్టులో ఉన్నాడు.

కిందటి క్రిస్మస్‌కి వాడు ఇంటికొస్తే అమ్మ అడిగింది, "ఏం పనిరా అయ్యా అది?"

"ఉన్న యంత్రాన్నే కంప్యూటర్లో ఇంకోటి కట్టి, రెండూ ఒకలాగే నడుత్తన్నాయో లేదో చూత్తామమ్మా."

ఆ యంత్రం భూమికి వంద మీటర్ల లోతున ఉంటుంది. బరువు 14,000 టన్నులు. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే కణాలను అది పట్టుకుంటుంది. దాన్ని పొరపొరా, తీగా గొట్టమూ సహా కంప్యూటర్లో పటంగా రాస్తారు. 1998లో మొదట విడుదలైన జియాంట్-4 అనే సాఫ్ట్‌వేర్, ఏ కణం ఏ పదార్థంలో ఎలా వంగుతుందో, ఎక్కడ ఆగుతుందో లెక్కగడుతుంది. దాని పదకొండో రూపం 2021 డిసెంబరులో వచ్చింది. కొత్త రూపం వచ్చినప్పుడల్లా పాత లెక్కనీ కొత్త లెక్కనీ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వస్తే ఎందుకొచ్చిందో తేల్చాలి. తమ్ముడి చాకిరీ అదే.

వాడు చెప్పిన ఒక్క మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

"అక్కా, పటంలో ఒక కడ్డీ రాయలేదనుకో. కంప్యూటర్‌కి ఆ కడ్డీ లేదు. కణానికి మాత్రం ఉంది. అది పోయి గుద్దుకుంటది."

గుద్దుకున్న చోట కొత్త కణాలు చిమ్ముతాయి. అలాంటి చోట్లన్నీ చుక్కలు పెట్టుకుంటూ పోతే కడ్డీ ఆకారం తేలుతుంది. 2015లో జరిగిన ఢీలతో ఇలాగే లోపలి గొట్టం, ఆసరాలు అసలెక్కడున్నాయో కొలిచి, 2018లో సీఎంఎస్ వాళ్లు ప్రచురించారు. కొలతను పదిసార్లు పరీక్షిస్తారు, నిజమే. కానీ అది నిలిస్తే పటమే దిగిరావాలి.

మరి మన దగ్గర?

"ఈ రోజుల్లో ఇంకా కులమెక్కడుందండీ టీచరుగారూ?" అంటారు తోటి మాస్టార్లు. వాళ్ల పటంలో లేదు. నేను ఏలూరులో ఇల్లు అద్దెకడిగితే "మీరేమిట్లండీ?" అంటారు. చెప్పిన మరుక్షణం ఆ ఇల్లు ఎవరికో ఇచ్చేసి ఉంటుంది. హాస్టల్లో తమ్ముణ్ణి ముందు ర్యాంకు అడిగారు, తర్వాత కేటగిరీ అడిగారు, ఆ తర్వాత ఏమీ అడగలేదు. లేని గోడకి మేం రోజూ గుద్దుకుంటున్నాం. అక్కడ కణం దెబ్బ తింటే పటం దిద్దుతారు. ఇక్కడ దెబ్బ తిన్నవాణ్ణి దబాయిస్తారు. "నీకు ఆత్మన్యూనత" అంటారు.

కొల్లేరునే చూడండి. 1970ల్లో ప్రభుత్వం చేపల చెరువులు తవ్వించి, మత్స్యకారుల సంఘాలకూ ఎస్సీ సంఘాలకూ ఇచ్చింది. కాగితంలో చెరువు మావాళ్లది. లీజూ లాభమూ డబ్బున్నవాళ్లవి. మావాళ్లు గట్టు మీద కూలీలు. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు తెంచారు. పక్షులకి నీళ్లుండాల్సిందే, కాదనను. కానీ ఆ గీత గీసిన పటంలో కాంటూరుంది, కొంగ ఉంది. వలకి మేత కట్టినవాడూ, మేత బస్తా మోసినవాడూ లేరు.

అందుకే ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ఊరి పటం వేయించాను. పుస్తకంలో ఉన్నట్టు కాదు, మీ కాళ్లకి తగిలినట్టు వేయండర్రా అన్నాను. ఊరి పిల్లలు గుడి, పంచాయితీ ఆఫీసు, చెరువులు వేశారు. పేట పిల్లలు చర్చి, కుళాయి, మురుగ్గుంట, శ్మశానం వేశారు. శ్మశానం దారిలో ఒకచోట ఒక పిల్ల ఎర్రగా అడ్డగీత గీసింది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"చెరువు గట్టండి. మా తాతని మోసుకెళ్తుంటే ఇక్కడ ఆపేశారండి."

ఆ పటం బడి గోడకి తగిలించాను. తీసెయ్యమని ఇద్దరు పెద్దమనుషులు చెప్పి వెళ్లారు. అది ఇంకా గోడకే ఉంది.